ఆగిన బండిలోనూ డ్రైవర్ ఉంటాడు

లారీ బోల్తా పడిన వార్త ఏది చదివినా చివర్లో ఒకే మాట ఉంటుంది: డ్రైవర్ నిద్రమత్తే ప్రమాదానికి కారణం. కావలి దాటాక కావచ్చు, సింగరాయకొండ దగ్గర కావచ్చు, ఒంగోలు బైపాస్ మీద కావచ్చు, టైము మాత్రం చాలాసార్లు తెల్లవారుజామే. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆ మనిషి నిద్ర ముందురోజు ఎక్కడ పోయిందో ఎవరూ అడగరు. డ్రైవర్ మీద కేసు రాస్తారు, ఇన్సూరెన్స్ వాళ్లు ఫోటోలు తీసుకుంటారు, క్రేన్ వచ్చి బండిని లేపుతుంది, అంతటితో సరి.

నేను నెల్లూరులో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి లాంగ్ ట్రిప్పులు తోలుతున్నాను. మా ఊరు కోవూరు దగ్గర. చాలా ఏళ్లుగా ఇదే పని. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మా నిద్ర పోయేది హైవే మీద కాదు, లోడింగ్ గేటు ముందు. ఆ గంటలకు మాకు పైసా రాదు, ఎవరి పుస్తకంలోనూ అవి ఎక్కవు. వాటిని లెక్కలోకి తెచ్చి, వాటికి ఎవరో ఒకరు డబ్బు కట్టేలా చేసేదాకా ఎన్ని స్పీడ్ గన్‌లు పెట్టినా తెల్లవారుజాము ప్రమాదాలు తగ్గవు.

మా జీతం లెక్క బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి ముందు అది చెప్తాను. కొన్ని కంపెనీల్లో నెల జీతం, రోజు బత్తా. కొన్నిచోట్ల కిరాయిలో ఇంత శాతం. ఇంకొన్నిచోట్ల ట్రిప్పుకు మొత్తంగా ఇంత అని చేతిలో పెడతారు, డీజిల్, దారి ఖర్చులు పోగా మిగిలింది డ్రైవర్‌ది. మా దగ్గర నెల జీతం పేరుకే ఉంది. ఇల్లు గడిచేది ట్రిప్పు బత్తా మీద. అంటే చక్రం తిరిగితేనే డబ్బు. నెలలో ఒక్క ట్రిప్పు తగ్గినా పిల్లల ఫీజు దగ్గర తేడా వచ్చేస్తుంది.

ట్రిప్పు అయ్యాక గుమాస్తా ఎదురుగా కూర్చుని ట్రిప్పు షీట్ రాయించాలి. లోడు ఎక్కడ ఎత్తావు, ఎక్కడ దించావు, మీటరు రీడింగ్ ఎంత, డీజిల్ ఎన్ని లీటర్లు. తర్వాత కాటా చీటీలు, పట్టా (టార్పాలిన్) కట్టిన కూలి, పంచరు, గ్రీజు, హమాలీల టీ డబ్బులు, దారిలో మామూళ్లు. పంచరుకు రసీదు లేకపోతే అనుమానంగా చూస్తారు. మైలేజీ తగ్గితే ఆ డీజిల్ డబ్బు బత్తాలోంచి కోస్తారు. టీ డబ్బులకు కూడా గడి ఉన్న ఆ కాగితంలో, గేటు ముందు ఎన్ని గంటలు ఆగావు అనేదానికి గడి లేదు. ఒకసారి గుమాస్తాను అదే అడిగాను. "డబ్బులు ఇచ్చేదుంటే కదన్నా, గడి పెట్టేది" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఉన్నమాట చెప్పాడు.

మా వైపు లోడ్లకు కొదవ లేదు. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక ముత్తుకూరు వైపు రోడ్ల రూపమే మారిపోయింది. పోర్టు నుంచి బొగ్గు, ఎరువులు, పంతపాళెం ఫ్యాక్టరీల నుంచి వంటనూనె. ఇవి కాక నెల్లూరు బియ్యం, చెరువుల మీది రొయ్య, గూడూరు, పొదలకూరు నిమ్మకాయ. పైన ప్రకాశంలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల పొగాకు. వీటిలో దేనికి పోయినా మొదటి పని లైన్లో నిలబడటమే.

"ఆగితే మంచిదేగా, పడుకోవచ్చు" అంటారు. ఓనర్లు అంటారు, పార్టీలు, అంటే సరుకు పంపేవాళ్లు, దించుకునేవాళ్లు అంటారు, ఒక్కోసారి మా ఇంట్లోవాళ్లూ అంటారు. అందుకే ఆ లైన్ ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి.

మే నెల, ఒక నూనె ఫ్యాక్టరీ గేటు అనుకోండి. పొద్దున్నే బండి పెట్టి గేటు దగ్గర పేరు రాయించుకుంటాం. సెక్యూరిటీ అతను రిజిస్టర్లో బండి నంబరు, వచ్చిన టైము రాసుకుని చీటీ ఇస్తాడు. మన ముందు ఇరవై, ముప్పై బండ్లు. అరగంటకో ముప్పావుగంటకో ముందు బండి కదులుతుంది, మనమూ ఒక బండి పొడవు జరగాలి. జరగకపోతే వెనకవాడు హారన్ మీద చెయ్యి తీయడు. కన్నంటుకుని ఇంకాస్త ఆలస్యమైతే పక్కనుంచి దూరిపోతాడు, మన నంబరు పోతుంది. పోయిన నంబరు కోసం మళ్లీ సెక్యూరిటీ అతన్ని బతిమాలుకోవాలి. అందుకని కళ్లు మూసినా చెవులు తెరుచుకునే ఉంటాయి.

రోహిణి కార్తెలో క్యాబిన్ రేకు మీద చెయ్యి ఆనించలేం. ఇంజన్ ఆన్‌లో పెట్టుకుంటే డీజిల్ లెక్క, ఆపితే చిన్న ఫ్యాన్ ఒకటే దిక్కు. అద్దాలు దించితే ఎగిరే దుమ్మంతా ముఖాన, ఎత్తితే ఊపిరాడదు. కొందరు బండి కింద నీడలో చాప వేసుకుని పడుకుంటారు. అలా పడుకున్నవాడిని చూసుకోకుండా బండి కదిలిస్తే ఏం జరుగుతుందో మా లైన్లో అందరికీ తెలుసు, అయినా ఎండకు తాళలేక పడుకుంటారు. డీజిల్ ట్యాంకు మూత, స్టెప్నీ, పట్టా, తాళ్లు, వీటి మీద ఒక కన్ను ఉండాల్సిందే. పోతే కోత మనకే. లోపల బాత్రూములు స్టాఫ్‌కు, డ్రైవర్లకు రోడ్డు పక్క సర్కారు తుమ్మ చెట్లు. పగలంతా అన్నానికి కూడా దూరం పోలేం, ఎప్పుడు పిలుస్తారో తెలియదు గనక. దీన్ని విశ్రాంతి అనేవాళ్లు ఒక్క పూట వచ్చి మా సీట్లో కూర్చోవాలి.

చీకటి పడ్డాక పిలుపు వస్తుంది. లోడింగ్, కాటా, బిల్లు. ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం) దగ్గర సర్వర్ రావడం లేదని ఇంకొంతసేపు. పట్టా పరిచి తాళ్లు బిగించి గేటు బయటికి వచ్చేసరికి అర్ధరాత్రి. కంపెనీ లెక్క ప్రకారం నా డ్యూటీ అప్పుడు మొదలవుతుంది. నా ఒంటి లెక్క ప్రకారం అప్పటికి పంతొమ్మిది, ఇరవై గంటలు అయింది లేచి.

పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతులు, కళ్లు, తల పనిచేసే తీరును పరిశోధకులు కొలిచి చూశారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి అవి మందగిస్తాయని తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితేనే తాగి నడిపినట్టు. అంటే చుక్క ముట్టని డ్రైవర్‌ను పగలంతా గేటు ముందు కూర్చోబెట్టి అర్ధరాత్రి రోడ్డెక్కిస్తే, చట్టం తాగుబోతు అనే మనిషి కన్నా అధ్వానమైన స్థితిలో పంపినట్టే. బ్రీత్ ఎనలైజర్‌లో ఊదిస్తే సున్నా వస్తుంది. పంపినవాడికి ఏ శిక్షా లేదు.

మన రాష్ట్రంలో పోలీసులు రాత్రిపూట హైవే మీద బండ్లు ఆపి ముఖం కడుక్కోమని నీళ్లిస్తారు. 'ఫేస్ వాష్ అండ్ గో' అని దానికి పేరు. ఎముకలు కొరికే చలిలో, వానలో నిలబడి ఆ పని చేసే కానిస్టేబుళ్లకు నేను దండం పెడతాను, నన్నూ ఆపారు, మంచి మాట చెప్పి పంపారు. కానీ నీళ్లు చల్లుకుంటే వచ్చే మెలకువ కాసేపే. రాత్రి రెండు నుంచి తెల్లారి ఐదు దాకా ఒళ్లు తనంతట తానే నిద్ర అడుగుతుంది, అది మనిషి పుట్టుకలోనే ఉంది. ఆ మూడు గంటల్లో నేను మేలుకుని ఉండాలంటే ముందురోజు పగలు నిద్రపోయి ఉండాలి. ముందురోజు పగలు నేను గేటు ముందు ఉన్నాను.

ఇక ఫోన్ల సంగతి. బండికి జీపీఎస్ ఉంది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కుర్రాడికి మా బండ్లన్నీ చుక్కల్లా కనపడతాయి. గేటు ముందు పగలంతా ఆ చుక్క కదలకపోయినా ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ రాదు. అదే చుక్క కావలి దగ్గర ముసునూరు టోల్ దాటాక ఒక గంట ఆగితే ఫోన్ మోగుతుంది. "యాడున్నావన్నా? ఇంకా ఒంగోలు చేరలేదా? పార్టీ ఊపిరి ఆడనీడం లేదు." అంటే ఆగడం వాళ్లకు తెలియక కాదు. ఎవరి కోసం ఆగానన్నదే తేడా. పార్టీ కోసం ఆగితే సరే, నా కంటి కోసం ఆగితే తప్పు.

మరి అంత తొందర నిజంగా ఎవరికి? ఈ-వే బిల్లు తీసి చూడండి. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తున్నారు. నెల్లూరు నుంచి కోల్‌కతా సుమారు 1,500 కిలోమీటర్లు. ప్రభుత్వం కాగితం మీద ఎనిమిది రోజులు ఇచ్చింది. పార్టీ మూడో రోజు రాత్రికి బండి రావాలంటుంది. అదేనా, వాళ్ల గేటు ముందు పోయిన రోజును కూడా ఆ మూడు రోజుల్లోంచే తీస్తుంది. ఆలస్యం చేసింది వాళ్లు, పరుగెత్తాల్సింది నేను. అక్కడికి పోయాక మళ్లీ అన్‌లోడింగ్ లైన్. హమాలీలు లేరనో, గోడౌన్ నిండిందనో ఇంకో రోజు. పోయిన ఏడాది పూజ సెలవుల ముందు కోల్‌కతాలో సరుకు దించుకునేవాడు లేక అలాగే పడి ఉన్నాం. అంత అర్జెంటు సరుకు గోడౌన్ బయట పడి ఉండటం చూస్తే కడుపు మండింది.

అన్ని లోడ్లూ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. నిమ్మకాయ ఆగదు. గూడూరు యార్డులో ఎత్తిన బస్తాలు ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి సుమారు రెండు వేల కిలోమీటర్లు పోవాలి, ఎండకు కాయ రంగు మారితే రైతుకూ వ్యాపారికీ నష్టం. అక్కడ తొందరకు అర్థం ఉంది. కానీ ఆ యార్డులో ఒక సంగతి గమనించాను. నిమ్మకాయ లోడింగ్ చకచకా అయిపోతుంది. బండి రావడం ఆలస్యం, హమాలీలు సిద్ధంగా ఉంటారు, బిల్లు సిద్ధంగా ఉంటుంది. ఎందుకంటే అక్కడ గంట ఆలస్యమైతే నష్టం సరుకు పంపేవాడిది. నూనె టిన్నుల దగ్గర, ఎరువుల బస్తాల దగ్గర గంట ఆలస్యమైతే నష్టం ఎవరిది? డ్రైవర్‌ది. అందుకే ఎవరూ కదలరు. మనుషులు తక్కువ, మిషన్ చెడిపోయింది, సర్వర్ డౌన్ అని చెప్పే కారణాలన్నీ దీని తర్వాతే. ఆలస్యానికి ఖరీదు లేనిచోట ఆలస్యం తగ్గదు. నా వాదనంతా ఇదే.

చట్టం లేదా అంటే ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48. దూర ప్రయాణాలకైతే రోజుకు పది, వారానికి 54 దాటకూడదని అందులో ఉండేది. ఐదు గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి. ఈ మాట మా లైన్లో కుర్రాళ్లకు చెప్తే నమ్మలేదు, ఎక్కడో ఫారిన్ సంగతి అనుకున్నారు. అందులో పని గంటలంటే ఏమిటో కూడా రాశారు. కార్మికుడు యజమానికి గానీ, అతని సేవలు కోరే హక్కున్న మరొకరికి గానీ అందుబాటులో ఉన్న సమయమంతా పని గంటలే అని మొదలుపెట్టారు. చదివి సంబరపడ్డాను, గేటు ముందు నేను ఉన్నది అందుకే కదా అని. కింద మూడో అంశం చూస్తే, టెర్మినల్ దగ్గర ఊరికే వేచి ఉండటం 15 నిమిషాల లోపు అయితే లెక్కలోకి వస్తుందని ఉంది. 15 నిమిషాలు! ఇది ఆర్టీసీ బస్టాండులో డ్రైవర్‌ను మనసులో పెట్టుకుని రాసినట్టుంది తప్ప పోర్టు ముందు పగలంతా నిలబడే లారీవాడిని కాదు. ఆ చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది, 2025 నవంబరు 21 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. కోడ్ మారినా గేటు రిజిస్టర్ తెరిచి చూసిన ఇన్‌స్పెక్టర్‌ను మాత్రం నేనింతవరకూ చూడలేదు.

పాత చట్టం ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే వర్తించేది. మా దగ్గర బోర్డు ఒక్కటే, ఆర్‌సీలు మాత్రం అన్నదమ్ముల పేర, ఆడవాళ్ల పేర. ఒక్కో పేరు కింద ఐదుగురు తేలరు, మిగతాది చెప్పక్కర్లేదు.

చట్టానికి డ్రైవర్ వెనక ఇంకొకడు ఉంటాడని తెలియదా అంటే, తెలుసు. ఓవర్‌లోడ్ సంగతి చూడండి. చీమకుర్తి రాయి ఒక ఘనపు మీటరు మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. కంటికి చిన్నగా కనిపించే బ్లాకు కూడా లెక్క దాటిపోతుంది. 2018లో పరిమితులు పెంచి పది చక్రాల బండికి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులు చేశారు, అయినా దాటేవాళ్లు దాటుతూనే ఉన్నారు. పట్టుబడితే 194వ సెక్షన్ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన టన్నుకు 2,000. ఆ సెక్షన్‌లో నడిపినవాడితో పాటు నడిపించినవాడు, నడపనిచ్చినవాడు కూడా ఉన్నారు. 113వ సెక్షన్ ఇంకా ముందుకు పోయి, డ్రైవర్ ఓనర్ కానప్పుడు ఆ నేరం ఓనర్‌కు తెలిసే, లేదా అతని ఆర్డర్ మీదే జరిగిందని కోర్టు భావించవచ్చు అంటుంది. ఎంత సరైన మాట! బరువు విషయంలో ఇంత తెలివిగా ఆలోచించినవాళ్లు నిద్ర విషయంలో ఎందుకు ఆలోచించరు? అర్ధరాత్రి అలసిన మనిషిని రోడ్డెక్కించినవాడు కూడా నడిపించినవాడే కదా.

నిద్ర దగ్గరికి వచ్చేసరికి శిక్షలన్నీ స్టీరింగ్ ముందున్నవాడికే. భారతీయ న్యాయ సంహితలో 106(2) కింద యాక్సిడెంట్ చేసి చెప్పకుండా పోతే పదేళ్ల దాకా జైలు అన్నారు. 2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపేశాక, ఆ ఏడాది జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క క్లాజును పక్కన పెట్టారు. పారిపోవడాన్ని నేను సమర్థించడం లేదు. పడినవాడిని ఆస్పత్రికి చేర్చాల్సిందే. కానీ యాక్సిడెంట్ జరిగాక ఏం చేయాలో ఇంత చర్చ జరిగింది గానీ, జరగకముందు ఆ డ్రైవర్ ఎన్ని గంటలు మేలుకున్నాడన్న దాని మీద అందులో పదో వంతు కూడా జరగలేదు.

ఓనర్ల బాధ నాకు తెలియనిది కాదు. మా ఓనర్ కూడా ఒకప్పుడు డ్రైవరే. ఫైనాన్స్ కిస్తీ నెల తిరిగేసరికి కట్టాలి, టైర్ల ఖర్చు, ఇన్సూరెన్స్, డీజిల్. బ్రోకర్ తన కమిషన్ ముందే తీసుకుంటాడు. బిల్టీ (సరుకు రవాణా రసీదు) మీద, బండి ఆగినందుకు హాల్టింగ్ చార్జీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, గట్టిగా అడిగితే వచ్చే లోడు పక్క కంపెనీకి పోతుంది. అందుకని అడగడు. ఎప్పుడన్నా పార్టీ హాల్టింగ్ ఇచ్చినా అది బండికి ఇచ్చినట్టు రాసుకుంటారు. బండితో పాటు ఆగిన మనిషి ఎవరికీ గుర్తురాడు. ఇంతకుముందు క్లీనర్ ఉండేవాడు. లైన్లో అతను బండి చూసుకుంటే డ్రైవర్ పడుకునేవాడు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన కూడా ఉండేది, తర్వాత దాన్ని సడలించారు. ఇప్పుడు వేల కిలోమీటర్లు ఒక్కడే. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ తగ్గించింది మనిషినే. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, సంతోషం. కానీ లైన్లో ఇంజన్ ఆపి కూర్చున్నవాడికి ఏసీ ఎక్కడిది?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. తిరుమలలో వేలమందికి టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చి ఫలానా టైముకు రండి అంటున్నారు. ముప్పై లారీలకు ఆ పని చేయలేని ఫ్యాక్టరీ ఉంటుందా? నంబరు ఫోన్‌కు వస్తే బండిని దూరంగా నీడలో పెట్టి పడుకుంటాం, మా వంతుకు గంట ముందు లేస్తాం. గేటు బయట ఒక షెడ్డు, నాలుగు మంచాలు, నీళ్లు, బాత్రూము. పార్టీ చేసిన ఆలస్యం ఎంతైతే డెలివరీ గడువు అంత జరగాలి. నాలుగు గంటలు దాటాక ప్రతి గంటకూ ఇంత అని డ్రైవర్ ఫోన్‌కే డబ్బు పడాలి, ఓనర్ ఖాతాకు కాదు. ఎంత అన్నది కూర్చుని మాట్లాడుకుందాం, నేను మొండికేయను. కానీ సున్నా మాత్రం కుదరదు.

లెక్క ఎలా తెలుస్తుంది అంటారు. గేటు రిజిస్టర్లో వచ్చిన టైము ఉంది, గేటు పాస్ మీద పోయిన టైము ఉంది, జీపీఎస్‌లో రెండూ ఉన్నాయి. మా గ్రూపులో కొంతమందిమి కొన్నాళ్లుగా ఆ చీటీలకు ఫోటోలు తీసి పెట్టుకుంటున్నాం. ఏ గేటు దగ్గర ఎన్ని గంటలు పోతున్నాయో దాంట్లో స్పష్టంగా కనపడుతోంది. అవి తీసుకుని వచ్చే నెల ఓనర్ల అసోసియేషన్ దగ్గరికి, తర్వాత లేబర్ ఆఫీసుకు పోవాలనుకుంటున్నాం. నెల్లూరు, ఒంగోలు వైపు లోడ్లు ఎత్తే డ్రైవర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. లోపలికి పోయే చీటీ, బయటికి వచ్చే చీటీ, రెండూ కావాలి. బండి నంబరు, టైము స్పష్టంగా పడేలా తీయండి. అన్‌లోడింగ్ దగ్గర కూడా మర్చిపోవద్దు.